పదిహేడో నంబరు సీసా

"ముందా సీసా కింద పెట్టండి బాబూ! నీలిమూత సీసాల జోలికి మాత్రం వెళ్ళకండి. నా కొంప ముంచింది దాని అక్కే."

పనిచేసే మనుషుల్ని కలిసి వాళ్ళ గురించి రాసుకునే ఆయన ఉలిక్కిపడి సీసాని బల్లమీద పెట్టేశాడు. సీసాలమ్మ దాన్ని తీసి, మూత బిగుతుగా ఉందో లేదో చూసి పై అరలోకి తోసింది.

నీళ్ళు పరీక్షించే ఆ ల్యాబులో ఆమె అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. పదహారేళ్ళు కిటికీ పక్క తొట్టి దగ్గర నిలబడి సీసాలు కడిగింది. నమూనాలు తెచ్చే పెద్దాయన మోకాళ్ళు పట్టేసి మానుకున్నాక, ఆ సంచీ కూడా ఈమె భుజానికే ఎక్కింది. అప్పటినుంచీ వాగులో మూడు చోట్లా, ఊళ్ళో నలభై బావుల్లోనూ నీళ్ళు పట్టి తేవడం ఆమె పనే. చదువు తక్కువైనా ప్రశ్నలకి కరువు లేదు. ఈ మందు వేస్తే గులాబిరంగు ఎందుకొచ్చింది, వాగు మలుపులోనే నురగ ఎందుకుంది అని ఆఫీసరు వెంటపడి అడిగేది. "ఈవిడకి జవాబు చెప్పేకంటే ఇంకో పది పరీక్షలు చేసుకోవడం నయం" అని ఆయన తల పట్టుకునేవాడు. చివరికి ఆ నురగ వెంబడే పైకి నడుచుకుంటూ వెళ్ళి, దుప్పట్లు ఉతికే షెడ్డు వెనక సబ్బునీళ్ళు వదిలే గొట్టం దగ్గర తేలింది సీసాలమ్మ.

"దాని అక్కంటే?" అన్నాడాయన.

"పదిహేడో నంబరు. కూర్చోండి, చెప్తాను."

ఎండాకాలం మొదట్లో వాళ్ళన్నయ్య వీధిలో బావులు పరీక్షకొచ్చాయి. అన్నయ్య ఇంటి వెనక బావంటే పదకొండు ఇళ్ళకి ఆధారం. దాని మీద పెత్తనమంతా వదినది. బావి గట్టు మీద ఎవరు చెప్పులు పెట్టినా ఆ రోజు వాళ్ళ పని అయిపోయినట్టే. అక్కడికి చేరేసరికి సంచీలో రెండు సీసాలు మిగిలాయి. ఒకటి అందరికీ వాడే తెల్లమూతది, రెండోది నీలిమూతది. నీలిమూతవాటిని ఆసిడ్‌తో కడిగి, అడుగున రెండు చుక్కల ఆసిడ్ ఉంచేస్తారు. సీసం లాంటి లోహాలు గాజుకి అంటుకోకుండా ఉండాలని.

"అవి తళతళలాడతాయి బాబూ. నా చేత్తో నేను కడిగిన వాటిలో అంతకంటే శుభ్రమైనవి లేవు. ఇంటి మనిషికి మంచి గ్లాసు తీసి ఇవ్వమూ? అలా మా వదిన బావికని పదిహేడోది తీశాను. రెండు చుక్కలు అరలీటరులో ఏపాటి అనుకున్నాను."

ఫలితాలొచ్చాయి. ఎరువుల్లోంచీ, మరుగుదొడ్డి గోతుల్లోంచీ నీళ్ళలోకి దిగే నైట్రేట్ పక్క బావిలో లీటరుకి పన్నెండు మిల్లీగ్రాములు. ఎదురింటి బావిలో పద్నాలుగు. వదిన బావిలో నూట తొంభై! యాభై దాటితే చంటిపిల్లలకి ప్రమాదమన్నారు. మర్నాడే గట్టు మీద ఎర్రరంగు పడింది, తాగరాదని. పదకొండు ఇళ్ళవాళ్ళూ బిందెలెత్తుకుని పక్క వీధికి నడిచారు.

వదిన కొంగు నడుముకి దోపి ఈమె గుమ్మంలోకే వచ్చింది. "ఏమే మరదలా, నేను కాపురానికొచ్చినప్పటినుంచీ ఆ నీళ్ళే తాగుతున్నాం. ఆ నీళ్ళతోనే నీ పెళ్ళికి వంటలు వండాం. అప్పుడు లేని విషం ఇప్పుడెక్కడిదే? నీ సీసాలోంచే వచ్చుంటుంది!"

సీసాలమ్మకి ఏడుపొచ్చింది కానీ, అంతకంటే ఎక్కువగా ఆ లెక్క బుర్ర తొలిచేసింది. రెండు బావుల మధ్య నలభై అడుగులు. భూమిలో నీళ్ళకి నీళ్ళకి మధ్య ఎవరైనా గోడ కట్టారా? పాత క్యాలెండరు వెనక వీధంతా గీసుకుంది. ఎవరి పెరట్లో మరుగుదొడ్డి గొయ్యి ఎక్కడుందో, ఎవరి మొక్కలకి ఎరువు వేస్తున్నారో ఇల్లిల్లూ తిరిగి అడిగింది. "ఈవిడ సీసాలు వదిలేసి మా దొడ్లమీద పడిందేమిటి?" అని వీధంతా ఒకటే నవ్వు. రెండు నెలలు తిరిగినా క్యాలెండరులో గీతలు పెరిగాయే కానీ జవాబు దొరకలేదు.

ఒక మధ్యాహ్నం తొట్టి దగ్గర సీసాలు కడుగుతుంటే, గాజు మీద చెక్కిన పదిహేడు అంకె వేలికి గరుకుగా తగిలింది. చెయ్యి ఆగిపోయింది. తడి చేతులతోనే వెళ్ళి రిజిస్టరు తిప్పింది. వదిన బావి, సీసా నంబరు పదిహేడు. ఇంకో నీలిమూత సీసాలో, ఏమీ కలవని శుద్ధమైన నీళ్ళు పోసి, "ఇందులో నైట్రేట్ ఎంతుందో చూడండి" అని ఆఫీసరు ముందు పెట్టింది.

నూట తొంభైకి కాస్త తక్కువగా వచ్చింది. అడుగున ఉంచేది నైట్రిక్ ఆసిడ్, అదే నీళ్ళలో కలిసి నైట్రేట్ లెక్కలోకి ఎక్కేసింది.

"అంటే మా వదిన కోపంలో అన్న మాట అక్షరాలా నిజం బాబూ! అంత చదివిన ఆఫీసరుకీ తట్టలేదు, ఆవిడకి తట్టింది."

ఆఫీసరు గడ్డం గోక్కుని, "మళ్ళీ పరీక్ష చేస్తే తగ్గిందని రాసేద్దాం, ఎవరడుగుతారు?" అన్నాడు.

"తగ్గడానికి ముందు పెరగాలి కదండీ. ఆ బావికి ఏ జబ్బూ రాలేదు. సీసా తప్పు, తీసిన చెయ్యి నాది. అలాగే రాయండి."

రాయించి, ఆ కాగితం తనే పట్టుకెళ్ళి వదినకి చదివి వినిపించింది. తిడుతుందనుకుంది, తయారుగానే నిలబడింది. వదిన అంతా విని, లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. మర్నాడు అన్నయ్యతో కబురు: "దాని చెయ్యీ, దాని సీసా నా బావి దరిదాపులకి రాకూడదు."

ఎర్రరంగు చెరపాలంటే నెల ఎడంతో రెండు పరీక్షలు బాగా రావాలి. మొదటిసారి ఆఫీసరే స్వయంగా వెళ్ళి నీళ్ళు తెచ్చాడు. పదమూడు వచ్చింది. రెండోదానికి గడువు ఈ రోజే. ఆఫీసరు జ్వరంతో ఇంట్లో పడుకున్నాడు. ఈ రోజు తప్పిందా, లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. పదకొండు ఇళ్ళ బిందెలు ఇంకో నెల పైగా నడవాలి.

సీసాలమ్మ గడియారం చూసింది. తర్వాత ఎదురుగా కూర్చున్నాయన కాళ్ళకేసి చూసింది. గట్టి చెప్పులే వేసుకున్నాడు. లేచి, తెల్లమూత సీసా ఒకటి వెలుతురుకెత్తి చూసి, లోపల తడి లేదని నిర్ధారించుకుని ఆయన చేతిలో పెట్టింది.

"రెండో మలుపులో పచ్చగేటు. చెప్పులు గేటు దగ్గరే విడవండి. సీసాని ఆ బావి నీళ్ళతోనే మూడుసార్లు తొలపండి, నాలుగోసారి నింపండి. నాలుగు గంటల లోపల తెచ్చెయ్యండి. ఎవరు పంపారని అడిగితే నా పేరే చెప్పండి, అబద్ధం ఆడొద్దు. ఆవిడ నన్ను తిడుతుంది. నోరు తెరిచిందంటే మాత్రం ఒక్క ముక్క పోనివ్వకండి. నెలన్నరైంది ఆవిడ తిట్లు విని. నీళ్ళతోపాటు అవి కూడా పట్టుకురండి."