కుడితి అన్నది నేనే

మా పెద్దత్తగారు పోయారని టెలిగ్రాం వచ్చిన ఉదయం నేను కాకినాడలో మా ఇంట్లో కాఫీ కలుపుకుంటున్నాను. చదివి, కాగితం బల్లమీద పెట్టి, కాఫీ చల్లారకముందే తాగేశాను. ఈ మాట రాయకుండా ఉండవచ్చు. కానీ ఆవిడ గురించి రాసేటప్పుడైనా నన్ను నేను మంచిగా చూపించుకోకూడదనిపించింది.

ఆవిడ మా వారి పెదతల్లి. తల్లి లేని మా వారిని పెంచిన మనిషి. ఐనవిల్లి దగ్గర పల్లెలో, వరిచేలకూ కొబ్బరితోటకూ మధ్య ఇల్లు. ఏ కాలంలో ఏది చేతికందితే దానితోనే ఏదో ఒకటి చేసి పెట్టేవారు. ఎండాకాలం సుగంధిపాల వేళ్ళు దంచి నానబెట్టి, ఆ నీళ్ళలో బెల్లం కలిపి ఇచ్చేవారు. మామిడికాయల రోజుల్లో కొత్త మాగాయ. పన్నెండు నెలలూ ఉండేది మాత్రం తరవాణి కుండ.

తెలియనివారికోసం చెబుతాను. అన్నం వార్చిన గంజి చల్లార్చి కుండలో పోస్తారు. వేరొకరి కుండలోంచి తెచ్చిన పాత పులుపు కాస్త కలిపి, ఉప్పు, వాము, దబ్బాకు వేసి మూకుడు మూస్తారు. రోజూ పొద్దున్న పుల్లటి తేట తీసుకుని, తీసినంత మేరా మళ్ళీ గంజి పోస్తారు. కుండ ఎన్నడూ ఖాళీ కాకూడదు. పెద్దత్తగారు కాపరానికి వస్తూ పుట్టింటి నుంచి ఒక చెంబుడు పులుపు తెచ్చుకున్నారట. ఆ కుండకి పసుపూ కుంకుమా బొట్లు పెట్టేవారు.

"వేసంకాలం దీనికి చెలగాటం అమ్మాయ్. చలికాలం ముడుచుకు పడుకుంటుంది. మనమే చూసుకోవాలి," అనేవారు.

మా పెద్దవాడు పుట్టాక నాకు జ్వరం పట్టుకుంది. ఏది తాగినా నిలవలేదు. ఆవిడే నా తల ఒళ్ళో పెట్టుకుని ఉగ్గుగిన్నెతో ఆ తేట పోశారు. "రెండు గుక్కలేనమ్మా, మూడోది అడగను," అంటూ మూడోదీ పోశారు. అది మాత్రం నిలిచింది.

ఇక సిగ్గుపడవలసిన సంగతికి వస్తాను. రెండో ప్రపంచ యుద్ధం ఇంకా ముగియని రోజులు, మేం అప్పటికి ఆ పల్లెలోనే ఉండేవాళ్ళం. బి.ఏ. చదివిన నేను ఒక బాలికల పాఠశాలలో ఉద్యోగానికి అర్జీ పెట్టుకున్నాను. అటువైపు తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్ట్రెస్‌గారు మధ్యాహ్నం కాసేపు మా ఇంట్లో ఆగారు. ఎండలు ముదురుతున్నాయి. మేం హాల్లో ఇంగ్లీషులో మాట్లాడుకుంటుంటే కుండ ఉన్న పెరటి వసారాలోంచి గాలి తిరిగింది.

"ఏమిటండీ ఆ వాసన? ఏదో పులిసినట్టుంది," అన్నారావిడ, తెలుగులో.

"ఏంలేదండీ. పశువుల కుడితి," అన్నాను.

తల తిప్పితే గుమ్మంలో పెద్దత్తగారు. చేతిలో కంచుగ్లాసు. ఎండన పడి వచ్చిన మనిషికని తేట వడకట్టి, దబ్బాకు చిదిమి తెచ్చారు. క్షణంలో గ్లాసు పమిటచెంగు కిందికి వెళ్ళిపోయింది.

"ఆయ్, కుడితేనండీ. ఇప్పుడే తీయించేస్తానండీ," అన్నారు.

కాసేపటికి ఆవిడే కాఫీ తెచ్చారు. పమిటచెంగు తడిసి ఉంది.

ఆ సాయంత్రానికి కుండ పశువుల పాకలోకి మారింది. "అక్కడెందుకండీ అత్తయ్యగారూ?" అంటే, గడ్డి సర్దుతూ, "నువ్వన్నమాట నిజం అవ్వద్దూ? ఆవిడ మళ్ళీ వస్తేనో?" అన్నారు.

అది దెప్పా, దయా? ఇన్నేళ్ళుగా తేల్చుకోలేకపోయాను. మర్నాటినుంచి పిల్లల ఎదుటే, "అమ్మాయ్, కుడితి తాగుతావా?" అని నవ్వేవారు. పిల్లలూ అదే పేరు పట్టుకున్నారు. ఆ ఇంట్లో తరవాణికి ఇక ఆ పేరే. ఉద్యోగం వచ్చింది, కాకినాడ వచ్చేశాం. వేసవి సెలవులకు వెళ్ళిన ప్రతిసారీ క్షమించమని అడగాలనుకునేదాన్ని. అంతలో ఆవిడ కుడితి అని నవ్వేవారు, నేనూ నవ్వేదాన్ని. నవ్వులాటైపోయిన దానికి క్షమాపణ ఎలా చెప్పాలో నాకు ఏ చదువులోనూ చెప్పలేదు.

టెలిగ్రాం అందుకుని పల్లెకి వెళ్ళాం. మైల తీరే రోజున, ఆనవాయితీ ప్రకారం, ఇంట్లో మనుషులు వాడిన మట్టికుండలన్నీ బయటికి తెచ్చి పగలగొడుతున్నారు. పాలేరు పాక దగ్గర ఆగాడు. కొత్తగా కుదిరిన పెద్దమనిషి.

"అమ్మగారూ, ఇది కుడితి కుండంటన్నారు పిల్లలు. పశువులదైతే మైలేంలేదండి, ఉంచేద్దారి. ఏమంటారండి?"

అందరూ నావైపు చూశారు. పశువులదే అంటే కుండ మిగులుతుంది. ఆవిడ పుట్టింటి పులుపు మిగులుతుంది. ఒక్కమాట, నాకు అలవాటైన మాటే.

"కాదు. మనుషులదే. మా అత్తయ్యగారి తరవాణి," అన్నాను.

పాలేరు కుండను రెండుచేతులా ఎత్తి తీసుకెళ్ళాడు. పగిలిన చప్పుడు పెద్దగా రాలేదు. దబ్బాకు వాసన మాత్రం పెరడంతా పరుచుకుంది.

నేను ధైర్యం చేశానని మీరనుకోవద్దు. ఊరందరికీ తెలిసిన నిజం, అదీ ఆవిడ లేనప్పుడు చెప్పడానికి ధైర్యమెందుకు? ఇంకోలా అంటే కుండైనా దక్కేదేమో.

బయల్దేరే పొద్దున్న పక్కింటావిడ మూతకట్టిన చెంబు తెచ్చి నా చేతికిచ్చింది. "మీ అత్తగారు మా కుండకి పోసిన పులుపేనండీ ఇది. అడుగుతారేమోనని చూశాను. అడగలేదు మీరు," అంది. ముక్తేశ్వరం రేవులో పడవెక్కి, చెంబు ఒలకకుండా ఒళ్ళో పెట్టుకుని గోదావరి దాటాను.

ఇప్పుడు మా వంటింటి మూల కుండ ఉంది. బొట్లు పెట్టాను. కుదురుకుందో లేదో రోజూ వాసన చూస్తాను. ఎండ పెరిగేకొద్దీ పులుపు బాగానే ఎక్కుతోంది. కానీ వీధి తలుపు ఎవరైనా తట్టగానే, వచ్చిందెవరో చూడకముందే, నా చెయ్యి వెళ్ళి కుండమీద మూకుడు నొక్కి పట్టుకుంటోంది.