డెరిక్ తాత అనాథ కాదు

ఈ రోజు మా డెరిక్ నుదుటికి ఐదు కుట్లు పడ్డాయి. జీడిమెట్లలో నాతో పనిచేసే ఆంగ్లో ఇండియన్ మిత్రుడతను. వాళ్ల తాతను పెంచింది ఒక ఇంగ్లిషు దొర. వీలునామాలో ఆయన "నేను చేరదీసిన అనాథ" అని రాశాడు. తాత ఆ దొరకు సొంత కొడుకేనేమోనని డెరిక్‌కు ఏళ్లుగా అనుమానం. అలియాబాద్ ఊళ్లో దొర పేరున ఉన్న పొలం తర్వాత బాలమ్మ అనే ఆమె పేరుకు మారినట్టు పాత భూమి రికార్డులో, పహాణీలో, దొరికింది. ఆ పేరు పట్టుకుని పొద్దున ఇద్దరం వెళ్లాం.

ఇప్పుడా పొలం చేసుకుంటున్న మల్లయ్య అనే రైతు మా చేతిలో కాగితాలు చూసి భూమి గుంజుకోవడానికి వచ్చామనుకున్నాడు. మాట్లాడనివ్వకుండా పార కర్రతో కొట్టాడు. డెరిక్ నుదురు చీలింది. రెండో దెబ్బకు అడ్డం పెట్టిన నా చెయ్యి ఇంకా వాచే ఉంది.

"భూమి నాకొద్దన్నా. మా తాత ఎవరి కొడుకో తెలుసుకుందామని వచ్చిన," అన్నాడు డెరిక్, నెత్తురు తుడుచుకుంటూ.

మల్లయ్య తల్లి వచ్చి కొడుకు చేతిలో కర్ర లాక్కుంది. సంగతి విని చాలాసేపు డెరిక్ ముఖమే చూసింది.

"బాలమ్మ మా అత్త, బిడ్డా. మీ తాతను దొరకే కన్నది. పిలగాన్ని గుంజుకపోతుంటే అడ్డం వోయిందని కొరడాతోని కొట్టిండట. ముసల్దయినంక ఆమెకు నీళ్లు పోసేటప్పుడు నేను సూశిన, వీపంతా వాతలే. నోరు మూసుకొమ్మని గీ పొలం ఇచ్చిండు."

మల్లయ్య తన తువ్వాలు విప్పి డెరిక్ తలకు కట్టాడు. ఆస్పత్రిలో కుట్లు వేయించుకుని డెరిక్ బయటికొచ్చాడు.

"మా తాత సచ్చేదాంక అమ్మ లేదనుకున్నడు," అన్నాడు.

రాసిన కాగితమే సాక్ష్యమని నాతో వాదించే మిత్రులు ఇప్పుడేమంటారో చెప్పండి.