గొల్లపల్లి కమ్మరి చేసిన సైకిలు

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, ఒక ఎండాకాలం మొదట్లో, బస్తర్ సంస్థానం వారు నన్ను కొంటా తహసీలుకు టీకాల ఉద్యోగిగా వేశారు. మశూచి మందు సన్నని గాజు గొట్టాల్లో జగదల్‌పూర్ నుంచి వచ్చేది. దానికి తడిగుడ్డ చుట్టి, మట్టికుండలో పెట్టుకుని ఊళ్ళు తిరగాలి. ఎండలు ముదిరితే నాలుగైదు రోజులకే మందు పస పోతుంది. ఆపైన గీరినా గీరకపోయినా ఒకటే. అందుకని నాకొక సర్కారు సైకిలు ఇచ్చారు.

దాన్ని రెండో నెలలోనే వాగులో పడేశాను. ఫ్రేము విరిగింది, ముందు ఫోర్కు మెలితిరిగింది, హ్యాండిలు రెండు ముక్కలైంది. చక్రాలు, గొలుసు, పెడళ్ళు బతికాయి. యుద్ధం వల్ల సామాను దొరకదని పైఆఫీసు జవాబిచ్చింది. నడిచి తిరిగితే చివరి ఊళ్ళకు చేరేది చెడిన మందే. ఆ ఊళ్ళలోనే అమ్మవారు పోస్తోందని కబురు.

గొల్లపల్లిలో ఎర్రయ్య అనే కమ్మరి ఉన్నాడు. విరిగిన సామానంతా అతని ముందు పోసి, ఇలాంటివి చేయగలవా అని అడిగాను. "గొట్టం పని నాకు రాదు సారూ," అని తల తిప్పుకున్నాడు. అతని భార్య గంగమ్మ కొలిమి తిత్తి ఆడిస్తూ, "రాదంటవేంది? మా అక్క పిల్లలు ఇద్దరు అమ్మవారికే పోయిన్రు. ఉన్న ఒక్కదానికన్న మందు చేరొద్దా?" అంది. ఎర్రయ్య ఆమెను కొరకొరా చూశాడు. నన్ను అంతకంటే ఎక్కువసేపు చూశాడు. చివరికి మర్నాడు రమ్మన్నాడు. ఆ చూపెందుకో నాకప్పుడు తట్టలేదు.

నెల పట్టింది కానీ, పని మాత్రం చూసి తీరాలి. ఇనుప పట్టీని కాల్చి, ఉక్కు కడ్డీ చుట్టూ వంచి, అంచు మీద అంచు ఎక్కించి, తెల్లగా కాగిన క్షణంలో టకటకా కొట్టి అతికించేవాడు. కడ్డీ లాగేస్తే లోపలంతా నున్నని గొట్టం. గొట్టాలు కలిసేచోట పాత చెంబు ఇత్తడి ముక్కలు, వెలిగారం పొడి వేసి కరిగించాడు. నా కాలి పొడవు తాడుతో కొలిచి సీటు ఎత్తు పెట్టాడు. ఒక్క ఫోర్కు దగ్గరే దెబ్బతిన్నాం. కంపెనీ ఫోర్కు కాళ్ళు కింద కాస్త ముందుకు వంగి ఉంటాయి. ఆ వంపు కూడా వాగులో పడ్డప్పుడు వచ్చిందేననుకుని, పాపం, ఎర్రయ్య నిటారుగా చేసిపెట్టాడు. దాంతో మలుపు తిరిగినప్పుడల్లా నా బొటనవేలు ముందు చక్రానికి తగిలేది. బరువు దున్నపోతంత. అయినా ఆ తర్వాత వచ్చిన విడత మందు చెడకముందే గంగమ్మ అక్క ఊరిదాకా టీకాలు వేసి వచ్చాను.

కొంటా వచ్చి నోరు మూసుకుంటే సరిపోయేది. నాకు నోటిదూల. ఠాణా ముందు సైకిలు ఆపి, గొల్లపల్లి ఎర్రయ్య పనితనాన్ని ఠాణేదారు ముందు అరగంట పొగిడాను. ఆయన ఉత్తరాది మనిషి, తెలుగు కొద్దిగా వచ్చు. బెత్తంతో ఫ్రేమును తట్టాడు. హ్యాండిలు చివర చిటికెనవేలు దూర్చి చూశాడు. "నళీ, ఈ గొట్టం, చాలా సాఫ్‌గా ఉంది, టీకా బాబూ. రేపు ఆ లోహార్‌ను చూసొస్తాను," అన్నాడు.

అప్పుడు వెలిగింది నాకు. అడవిపందుల నుంచి చేలు కాచుకోవడానికి ఆ ఊళ్ళలో నాటు తుపాకులు ఉండేవి. లైసెన్సు లేకుండా వాటిని చేసినవాడికి జైలే. నున్నని గొట్టం చేయగల కమ్మరి అంతకుముందు ఏం చేసేవాడో ఠాణేదారుకు ఒక్క వేలితో తెలిసింది. నెలరోజులు పక్కన కూర్చున్న నాకు తెలియలేదు.

ఆ మధ్యాహ్నమే గొల్లపల్లికి తొక్కాను. బొటనవేలి గోరు దారిలోనే ఊడింది. పొద్దు గూకకముందే చేరి సంగతి చెబితే ఎర్రయ్య తిట్టలేదు. "నా పేరెందుకు చెప్పినవ్ సారూ?" అని ఒక్కమాట అడిగాడు. సిగ్గుతో చచ్చిపోయాను. గంగమ్మ అప్పటికే చూరులోంచి సగం చేసిన తుపాకి గొట్టాలు దించుతోంది. ఎర్రయ్య వాటిని మూరెడేసి ముక్కలుగా కోశాడు.

మర్నాడు ఠాణేదారు గుర్రం మీద వచ్చేసరికి, వెదురు ఊదుగొట్టాలు వాడే ఆ వాడలో ప్రతి పొయ్యి దగ్గరా ఒక ఇనుప ఊదుగొట్టం ఉంది. గంగమ్మ ఆయన ఎదుటే కూర్చుని, పచ్చికట్టెల పొయ్యి గట్టిగా ఊదింది. ఆయన దగ్గుకుంటూ ఇల్లిల్లూ తిరిగాడు. నన్నొక చూపు చూసి గుర్రమెక్కాడు.

ఏడాది తిరగకముందే ఫోర్కు పగిలింది. గొల్లపల్లికి మోసుకెళ్ళాను. ఎర్రయ్య మంచం వాల్చాడు, మంచినీళ్ళిచ్చాడు. పగిలిన ఫోర్కును అటూ ఇటూ తిప్పి చూసి, "గొట్టం పని నాకు రాదు సారూ," అన్నాడు. గంగమ్మ ఈసారి ఏమీ అనలేదు.

కొంటాలో మిగిలిన సర్వీసంతా నడిచే చేశాను. చివరి ఊళ్ళకు పస పోయిన మందే మోసిన విడతలూ ఉన్నాయి. అప్పటినుంచి ఎవరి పనినైనా నలుగురిలో పొగిడేముందు, నీ పేరు చెప్పవచ్చా అని ఆ మనిషిని అడుగుతాను. వద్దంటే చెప్పను.