ఓడిపోవడమే మా ఇంటి వెట్టి

మా ఊళ్లో ఇంటికో వెట్టి ఉండేది. దొర గడీకి కుమ్మరి కుండలివ్వాలి, గొల్ల గొర్రెనివ్వాలి. మా ఇంటి వంతుకు మాత్రం దొరతో చదరంగం ఆడి ఓడిపోవడం వచ్చింది. తాత ఓడాడు, బాపు ఓడాడు. నీడపట్టున కూర్చుని చేసే పనని ఊరంతా కుళ్లుకునేది. వాళ్లకేం తెలుసు! తొందరగా ఓడితే "నాతోని పరాచికాలా" అని బెత్తం విరిగేది. పొరపాటున గెలిస్తే ఎండలో వంగబెట్టి వీపు మీద బండ పెట్టేవాళ్లు. దొర చెమటోడ్చి గెలిచాననుకోవాలి, అదీ మా పని.

బాపుకు చేతులు వణకడం మొదలైంది. ఒకనాడు ఆయన చేతిలోని ఏనుగు జారి దొర రాజును పడగొట్టింది. దొర దాన్ని అపశకునమన్నాడు. ఆ రోజు నుంచి వెట్టి నా నెత్తిన పడింది.

డోర్నకల్‌లో రైల్వే పని చేసే మా మేనమామ, ప్రయాణికులు వదిలేసిన ఇంగ్లీషు పేపర్లు తెచ్చేవాడు. వాటిలో ఎవరో గ్రాండ్‌మాస్టర్ ఆడిన ఆటలు ఎత్తు ఎత్తుగా అచ్చయ్యేవి. ఆ గుర్తులు ఎట్లా చదవాలో మామే నేర్పాడు. నేను చదువుతూ కాయలు జరుపుతుంటే, బాపు తర్వాతి ఎత్తు మీద అరచెయ్యి అడ్డం పెట్టేవాడు.

"ఇప్పుడు ఆయన ఏం ఆడుతడు? ఎందుకాడుతడు? చెప్పు."

చెప్పింది తప్పైతే వేళ్ల మీద చింతబరికె. సరైనదైనా మెచ్చుకోలు లేదు. "ఇగ దానికంటె జర తక్కువది చెప్పు" అనేవాడు. మంచి ఎత్తు తెలిసినవాడే దాని పక్కనున్న చెడ్డ ఎత్తును నమ్మేటట్టు ఆడగలడని ఆయన సిద్ధాంతం. పేపర్లోని ఆ మహానుభావుడు గెలవడానికి పడ్డ కష్టమంతా నేను ఓడటానికి పడ్డాను. థూ, అదొక చదువా!

ఇంతలో ఎర్రజెండా సంఘం వచ్చి వెట్టి బందు పెట్టింది. దొర పట్నం పారిపోయాడు. తమ్ముడు దళంలో కలిశాడు. నేను మాత్రం పేపర్లు వదల్లేదు. నా చెయ్యి నేనే అడ్డం పెట్టుకుని, తర్వాతి ఎత్తు ఊహించి, మంచి ఎత్తు దగ్గరే ఆగేవాణ్ని. తక్కువది వెతకాల్సిన పని లేదు. అంత సంతోషం నాకు మళ్లీ దొరకలేదు.

తర్వాత యూనియన్ మిలిటరీ దిగింది. దాని వెనకే దొరా దిగాడు. తమ్ముణ్ని పట్టుకుని జనగామ క్యాంపులో పెట్టారు. వాణ్ని కాల్చడమైనా వదలడమైనా దొర నోటి మాట మీదే ఉంది. కన్నతల్లి కదా, అవ్వ పోయి ఆయన కాళ్ల మీద పడింది. మిలిటరీ ఆఫీసర్ల ముందు దొర నవ్వాడట.

"ఏడువకు. పెద్దోన్ని పంపు. నా మీద గెలిస్తె చిన్నోన్ని ఇడిపిస్త."

తనను ఓడించే మొగాడు లేడని ఆయన ధీమా.

"గెల్వకురా" అన్నాడు బాపు. "ఓడి, కాళ్లు పట్టుకో."

"అందరి ముందల మాటిచ్చిండు గదా బాపూ!"

నేను గెలవడానికే పోయాను. మంత్రిని ఎరవేశాను. దొర ఆశపడి చంపాడు. గుర్రాన్ని దూకించి ఆటకట్టు అన్నాను. ఒళ్లంతా పులకరించింది, అబద్ధమెందుకు.

దొర తన రాజుకు దారి కోసం బల్లంతా వెతికాడు. ఆఫీసర్లు నవ్వు దాచుకున్నారు.

"గిట్ల ఆడుడు నీకు ఎప్పటిసంది ఒచ్చురా?"

నేను తల దించి కాయలు ఏరసాగాను.

"అంటె మీ అయ్య గూడ... మీ తాత గూడ... మా ఇంటికి బిచ్చమేసిన్రా?" గొంతు పెంచలేదు. "మల్ల పేర్చు. ఎప్పటిలెక్క ఓడు, చూస్త."

పేర్చాను. దొర నా ముఖంలోకి చూస్తూ ఆడాడు. నాకొచ్చిన విద్యంతా పెట్టి ఓడాను. "మంచిగ ఓడినవ్" అని లేచి, క్యాంపుకు మనిషిని పంపాడు. విడిపించమని కాదు. తమ్ముణ్ని ఆ సాయంత్రమే కాల్చేశారు. శవాన్ని కూడా ఇవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే గడీ నుంచి కబురొచ్చింది, దొర ఆటకు రమ్మంటున్నాడని. అవ్వ గడపకు అడ్డంగా కూర్చుంది. బాపు వణికే చేతులతో ఆమెను పక్కకు లాగాడు.

"పో" అన్నాడు నాతో. "ఇంక ఇద్దరు చెల్లెండ్లున్నరు."