పళ్ళాయన ఇంట్లో రెండు గొంతులు

పళ్ళాయన తన భార్యతో ఇరవై రెండేళ్ళు కాపురం చేశాడు. అందులో చివరి తొమ్మిది నెలలూ ఆమె చనిపోయాక చేసినవే. ఫొటో ముందు కూర్చుని కళ్ళు తుడుచుకునే బాపతు అనుకునేరు, కాదు. ఆమె అడగటం, ఈయన బదులు చెప్పటం, మధ్యలో అలగటం, మళ్ళీ నవ్వుకోవటం, అన్నీ ఉన్న నిఖార్సయిన కాపురం. మూడో అంతస్తు మెట్ల మీద కూర్చుని చెవులారా విన్నవాళ్ళు ఉన్నారు. అనుమానం ఉంటే వెళ్ళి ఆ మెట్లనే అడగొచ్చు.

విడ్డూరం ఏమిటంటే, ఆమె బతికున్నన్నాళ్ళూ ఆయన ఆమెతో మాట్లాడిన మాటలన్నీ పోగేస్తే ఒక పోస్టుకార్డు నిండదు. అందులోనూ సగం చిరునామాకే పోతుంది.

ఆయన పని కట్టుడుపళ్ళు చేయటం. పళ్ళ డాక్టర్లు రోగుల చిగుళ్ళ అచ్చులు పంపిస్తే, వాటిలో ప్లాస్టరు పోసి, గులాబిరంగు మైనం మీద ఒక్కొక్క పన్నూ పేర్చి, పైదవడ కిందదవడ కలుస్తున్నాయో లేదో టకటకలాడించి చూసి, చివరికి ఒక నోరు తయారుచేసి పంపిస్తాడు. ఆయన చేసిన పళ్ళు పెట్టుకుని ఒక ముసలి లాయరు ఎదుటి లాయరు చొక్కా కాలరు నిజంగానే కొరికి ఉమ్మేశాడనీ, ఇంకో తాత మంచం కోడు నమిలి చూపించాడనీ చెప్పుకుంటారు. ఆ చుట్టుపక్కల యాభై దాటినవాళ్ళ నవ్వు సగానికి సగం ఆయన చేతిలోంచి వచ్చిందే. తన నోటికి మాత్రం తాళం వేసుకుని, ఆ తాళంచెవిని ఏ ప్లాస్టరు ముద్దలోనో పడేసుకున్నట్టున్నాడు. ఏం అడిగినా "ఊఁ". కూరలో ఉప్పు చాలిందా అంటే ఊఁ. ఇల్లు అంటుకుంది లేవండి అన్నా ఊఁ అనే లేస్తాడు.

ఆమె ఇంట్లోనే కర్టెన్లు కుట్టేది. కిటికీ పక్కన కుట్టుమిషను, దాని పక్కన పంజరం, పంజరంలో పచ్చోడు. ఆమె దగ్గర కర్టెన్లు కుట్టించుకునే ఒకావిడ ఇల్లు ఖాళీ చేస్తూ "రెండు రోజులు ఉంచండమ్మా, వచ్చి తీసుకెళ్తాను" అని ఇచ్చిపోయింది. ఆరేళ్ళయినా ఆ రెండు రోజులు ఇంకా పూర్తికాలేదు. పచ్చోడు తోటల్లో తిరిగే మామూలు చిలక కాదు, ఎక్లెక్టస్ చిలక. అరకిలో బరువు తూగుతాడు. ఒంటి మీద ఉన్నవి ఈకల్లా ఉండవు, ఎవరో పొద్దున్నే నూనె రాసి దువ్విన జుట్టులా ఉంటాయి. ముక్కు దోరమాగిన పండు రంగు. గింజలు పెడితే మొహం తిప్పుకుంటాడు. బొప్పాయి ముక్క చూపిస్తే మనిషిలా నిట్టూరుస్తాడు.

ఒక మధ్యాహ్నం ఆమె సగం మడిచిన కర్టెన్ అంచు మీద తల వాల్చి మరి ఎత్తలేదు. పళ్ళాయన సాయంత్రం వచ్చేసరికి మిషను మీది చిన్న దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. గుండె ఆగిందన్నారు. ఆయన "ఊఁ" అన్నాడు.

పచ్చోడు రెండు వారాలు నోరు తెరవలేదు. మూడో వారంలో వర్క్‌షాపులో పళ్ళు గట్టిపడేలా ఉడకబెట్టే బాయిలరు చెడిపోయి, పళ్ళాయన మిట్టమధ్యాహ్నం ఇంటికొచ్చాడు. గుమ్మం ముందు ఒక చెప్పు విప్పి రెండోది విప్పబోతుంటే, లోపల కుట్టుమిషను చప్పుడు వినిపించింది. కాసేపు ఆడి ఆగింది. ఆ వెనకే ఆమె గొంతు.

"వచ్చారా? ఇవాళ ఎన్ని నోళ్ళయ్యాయేమిటి?"

ఆయన చేతిలో తాళంచెవి అలాగే ఉండిపోయింది. లోపల్నుంచి మగగొంతు ఒకటి, కొంచెం బొంగురుగా, బదులు చెప్పింది.

"ఐదు. అందులో ఒకటి బల్ల మీద ఉండగానే నాతో తగువేసుకుంది."

ఆమె నవ్వింది. "చాల్లెండి, మీరు మరీనూ."

ఎవడీ మగవాడు? ముందు వచ్చిన ఆలోచన అదే, మనిషన్నాక ఎవరికైనా అదే వస్తుంది. తర్వాత చెవి తలుపుకి ఆనించాడు. ప్లాస్టరు దుమ్ముతో బొంగురుపోయిన గొంతు, మాటకు ముందు చిన్నగా అడ్డుపడే శ్వాస. అది తన గొంతే. మాటలు మాత్రం తనవి కావు. ఆ జోకు ఆయన ఈ జన్మలో వేయలేదు.

తలుపు తీసి లోపలికి వెళ్ళాడు. మిషను మీద గుడ్డ కప్పే ఉంది. పచ్చోడు తల పక్కకు తిప్పి ఒంటికన్నుతో చూశాడు, అంతే. మనిషి కనబడితే వాడు మాట్లాడడు.

అప్పుడు ఆయనకు సంగతి బోధపడింది. రోజంతా ఒంటరిగా కుట్టుకుంటూ, ఆమె ప్రశ్నా తనే అడిగి, ఆయన గొంతు పెట్టి జవాబు కూడా తనే చెప్పుకునేది. విన్నవాళ్ళు ఎవరూ లేరు, ఇప్పుడు తిరిగి చెబుతున్న ఒక్క చిలక తప్ప.

ఆ రోజు నుంచి పళ్ళాయన సాయంత్రం వచ్చి నేరుగా ఇంట్లోకి వెళ్ళటం మానేశాడు. గుమ్మం బయట చెప్పులు చేత్తో పట్టుకుని అరగంట, ముప్పావుగంట నిలబడేవాడు. లోపల ఇద్దరూ మాట్లాడుకుంటూ ఉండేవారు. ఆ లోపలి మొగుడు ఎంత మంచివాడో! కర్టెన్ రంగు బాగుందనేవాడు. తలనొప్పి తగ్గిందా అని అడిగేవాడు. ఆయన దయ్యానికి భయపడితే ఒక అందం ఉండేది. ఆయన భయపడింది ఆ రెండో గొంతుకి. చచ్చిన మనిషి తిరగటం ఎక్కడైనా వింటాం. బతికున్న మనిషి, తను లేని ఇంట్లో, తనకన్నా బాగా కాపురం చేస్తూ తిరగటం ఎవరు విన్నారు?

సెలవు రోజున బావమరిది వచ్చి మెట్ల మీద కూర్చునేవాడు. ఆమెకు తమ్ముడు, సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం. వాడి నోట పడితే చీమ ఏనుగై బయటికొస్తుంది. అక్క గొంతు వినగానే మాత్రం మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని చిన్నపిల్లాడైపోయేవాడు. ఆ గొంతు రికార్డు చేసి దాచుకోవాలని ఫోను లోపల పెట్టి చూశాడు. పచ్చోడు గంటసేపు ఆ ఫోను రింగుటోనే తిరిగి పాడాడు. తలుపు బయటినుంచి రికార్డు చేస్తే లిఫ్టు మూలుగు తప్ప ఏమీ పడలేదు.

"పోన్లే బావా, ఈ చిలకలు యాభై ఏళ్ళు బతుకుతాయట. మన తర్వాత కూడా అక్క మాట్లాడుతూనే ఉంటుంది."

"ఊఁ."

ఏడో నెలలో పంజరం అడుగున ఈకలు కనిపించాయి. మొదట రెండు, మర్నాడు గుప్పెడు. పచ్చోడు తన రొమ్ము మీది ఈకలు తనే పీక్కుంటున్నాడు. నెల తిరిగేసరికి కంఠం కింద ఉత్త చర్మం, బూడిదరంగులో, ముసలివాడి మెడలా.

పక్షుల డాక్టరమ్మ రక్తం చూసింది, తిండి మార్చింది, మూడు వారాలాగి మళ్ళీ చూసింది.

"ఇంట్లో దీంతో ఎవరు మాట్లాడతారు సార్?"

"ఎవరూ మాట్లాడరు. అదే మాట్లాడుతుంది."

"ఎవరితో?"

డాక్టరమ్మ చేతి తొడుగులు విప్పింది.

"రోగమేం లేదు. ఒంటరితనం. ఇలాగే వదిలేస్తే రేపు చర్మం కొరుక్కుంటుంది, పుండు పడితే ఇక నా చేతుల్లో ఉండదు. ఒక ఆడదాన్ని తోడు తెండి. కానీ సార్, ముందే చెబుతున్నా. జత కుదిరితే మనుషుల మాటలు తగ్గిపోతాయి. కొన్ని పూర్తిగా మానేస్తాయి. సొంత భాష దొరికాక మన భాషతో వాటికేం పని."

మెట్ల మీద ఈ మాట విని బావమరిది లేచి నిలబడ్డాడు.

"అంటే అక్కని రెండోసారి పంపించేస్తావా?"

"చిలక చచ్చిపోతుందిరా."

"చావదు. డాక్టర్లు అలాగే చెబుతారు. మెడకేదైనా తొడుగు వేద్దాం. బావా, నీకేం, నువ్వు ఆవిడ ఉన్నప్పుడే మాట్లాడలేదు. నాకు అలా కాదు."

గట్టి దెబ్బే. పళ్ళాయన వెళ్ళి తొడుగు కొన్నాడు. పచ్చోడు దాన్ని గంటలో చించి పోగులు పెట్టాడు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం, ఎప్పటిలాగే గుమ్మం బయట నిలబడి ఉండగా, లోపల ఆమె ఇంతకుముందెప్పుడూ వినిపించని మాట ఒకటి అంది.

"నామీద కోపమా?"

తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆమె ఆగినంతసేపూ చిలక ఆగింది కాబోలు.

"నీమీదా? నీమీద నాకెప్పుడు కోపం వచ్చిందని? తలనొప్పి, అంతే."

ఈసారి నవ్వు రాలేదు. ముక్కు చీదిన చప్పుడు వచ్చింది, ఆ వెనకే మిషను.

అది ఏ రోజో ఆయనకు తెలుసు. ఒకసారి చుట్టాల ముందు ఆమె "మా ఆయన మాటలన్నీ వర్క్‌షాపులో పళ్ళకి అరువిచ్చేశారు" అని నవ్వింది. అందరూ నవ్వారు. ఆయన నాలుగు రోజులు ఆ ఊఁ కూడా అనలేదు. నాలుగు రోజులూ ఆమె ఇలా, తన ప్రశ్నకు తనే జవాబు చెప్పుకుంటూ, ఆయన తరఫున తననే క్షమించుకుంటూ కుట్టిందన్నమాట.

పళ్ళాయన నుదురు తలుపుకి ఆనించాడు. "కోపమే," అన్నాడు. "నాలుగు రోజులు ఉంది. తప్పు నాది."

లోపల మాటలు ఆగిపోయాయి. ఒక చిన్న చప్పుడు వినిపించింది, దారం తెగినట్టు. ఇంకొకటి. పచ్చోడు ఈకలు పీక్కుంటున్నాడు. ఆ గదిలో ఒంటరిగా రెండు గొంతులూ తనే మాట్లాడిన ప్రాణం ఇది రెండోది. మొదటిదాన్ని ఆయన చూడలేదు.

మర్నాడు ఆయన డాక్టరమ్మకు ఫోన్ చేశాడు.

ఆడచిలక ఎక్కడో దూరాన లేదు. మూడు వీధులవతల, రిటైరైన బస్సు కండక్టరమ్మ ఇంట్లో ఉంది. ఒళ్ళంతా ఎరుపు, పొట్ట నీలం, ముక్కు కారునలుపు; పచ్చోడి పక్కన పెడితే ఎవరూ ఒకే జాతి అనరు. ఆవిడ వేరే ఊళ్ళో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోంది, అక్కడ పక్షుల్ని ఉంచనివ్వరు. తలుపు తీసి, పళ్ళాయన చేతిలో ఖాళీ పంజరం చూసి, అడుగు వెనక్కి వేసింది.

"నువ్వా తమ్ముడూ? ఆ కర్టెన్లావిడ ఇంటాయనవి? ఇదిగో, ఇవి ఆవిడ కుట్టినవే. కూర్చో. మీ పచ్చదాన్ని ఓసారి బుట్టలో తెచ్చింది కూడా. నేనే ఈ గదిలోకి రానివ్వలేదు. రంగు చూసి వేరే జాతనుకున్నా, పొడుచుకు చస్తాయని. ఆవిడా అదే అనుకుంది. మధ్యలో తలుపేసి, ఇద్దరం ఇవతల కూర్చుని కబుర్లు చెప్పుకున్నాం. ఎర్రది ఆడదట, పచ్చది మగాడట, మొన్న డాక్టరమ్మ చెప్పేదాకా ఎవరికి తెలుసు? ఇరవై ఎనిమిదేళ్ళు బస్సులో మొహం చూసి ఎవరు ఎవరి మొగుడో చెప్పిన దాన్ని, ఇంట్లో పప్పులో కాలేశా."

"ఊఁ."

"ఆవిడ నీ జోకులు చెబుతుంటే నా పొట్ట చెక్కలయ్యేది. బల్ల మీద పళ్ళు తగువేసుకున్నాయన్నది నువ్వేగా? మొగుడంటే అలా ఉండాలి అనుకునేదాన్ని. ఏదీ, ఒకటి చెప్పు."

పళ్ళాయన నోరు తెరిచాడు. "అవి నావి కావండీ. ఆవిడవే."

కండక్టరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వింది. "ఇదిగో, ఇలాగేనట. మొహం ఇలా పెట్టి వేస్తావట."

ఎర్రది ఇంటికొచ్చింది. వారం రోజులు పక్కపక్క పంజరాలు. పచ్చోడు నిద్ర మానేసి దాన్నే చూశాడు. ఎనిమిదో రోజు తలుపులు తీస్తే, అది మొదటి పనిగా వాణ్ణి పొడిచింది, రెండో పనిగా వాడి కొమ్మ లాక్కుంది. ఇంకో మూడు రోజులకల్లా వాడు బొప్పాయి తను మింగకుండా తెచ్చి దాని నోట్లో పెడుతున్నాడు. ఈకలు రాలటం తగ్గింది. రొమ్ము మీద ఆకుపచ్చ నూగు మొలిచింది.

గొంతులు వెళ్ళిపోవటం కూడా ఒక వరసలో జరిగింది. ముందు పోయింది ఆయన గొంతు. ఆమె అడుగుతూ ఉంది, బదులు లేదు. తర్వాత కుట్టుమిషను. తర్వాత మాటలు. నవ్వు ఒక్కటీ ఇంకో పదిరోజులు ఉంది, దేనికి నవ్వుతోందో తెలియకుండా, ఖాళీగా. గుమ్మం బయట పళ్ళాయన ఒళ్ళు జలదరించేది ఆ పదిరోజులే.

ఇప్పుడు ఈ కథ బావమరిది దుకాణంలో రోజుకోసారి జరుగుతుంది. పగిలిన ఫోను అద్దం ఊడదీస్తూ వాడు చెబుతాడు, వచ్చినవాళ్ళు పని మరిచి వింటారు. మొన్న కూడా చెప్పాడు. ఆఖరి రోజు సాయంత్రం చిలక రెక్కలు చాపి, అచ్చం అక్క గొంతుతో, "ఇక ఉంటానండీ, వేళకి తినండి" అని మూడుసార్లు అందట. కాలనీలో కరెంటు పోయిందట. ఎర్రచిలక కంట్లోంచి నీటిబొట్టు రాలిందట. బావ గుమ్మం ముందు మొదలు నరికిన చెట్టులా కూలిపోయాడట.

మూలన స్టూలు మీద కూర్చుని ఫోను కోసం చూస్తున్న పళ్ళాయన తల ఎత్తాడు.

"ఏమీ అనలేదు. పచ్చోడు బొప్పాయి తిన్నాడు, తిని ఎర్రదాని పక్కకెళ్ళి కూర్చున్నాడు. కరెంటు ఉంది. నేను గంటసేపు బయట నిలబడ్డాను, కాళ్ళు నొప్పెట్టి లోపలికెళ్ళాను."