తగ్గిందా అని అడగకూడదు

ఈ ఉదయం ఓపీలో ఒక మామ్మగారి పొట్ట మీద చెయ్యి వేయబోయి, ముందు రెండు అరచేతులూ రుద్దుకున్నాను. ఆ వెచ్చదనం తగలగానే వరలక్ష్మి మేడమ్ గుర్తొచ్చారు. అమలాపురంలో నాకు సర్జరీ నేర్పిన మనిషి. చల్లటి చెయ్యి తగిలితే ఎవరి పొట్టయినా బిగుసుకుంటుందనీ, అప్పుడది అబద్ధం చెబుతుందనీ ఆవిడ నేర్పిన మొదటి పాఠం.

రెండో పాఠం సిగ్గుపడి నేర్చుకున్నాను. మాది కర్నూలు. మా వైపు నొప్పి ఉంటే ఆసుపత్రి కప్పు ఎగిరిపోయేలా చెబుతారు. కోనసీమ మర్యాదలు నాకేం తెలుసు? చేరిన కొత్తలో అంతర్వేది నుంచి చేపల వేటకు వెళ్లే నూకరాజు గారు కడుపునొప్పితో వచ్చారు. ఇంజక్షన్ చేయించి, గంట తర్వాత వెళ్లాను.

"నొప్పి తగ్గిందా?"

"ఆయ్."

"వాంతులు ఆగాయా?"

"ఆయ్. అంతా మీ దయండి."

ఆయ్ అంటే అవుననే కదా అనుకుని, సంబరంగా కేసు షీటులో 'తగ్గింది' అని రాసేశాను. ఇంటికి పంపించే కాగితం మీద సంతకానికి వెళితే, మేడమ్ ఆ కాగితం పక్కన పెట్టి మంచం దగ్గరికి నడిచారు. చేతులు రుద్దుకుంటూ, "ఎలా వచ్చేరండీ?" అని అడిగారు.

"ఆటోలోనండి. గొయ్యి వచ్చినప్పుడల్లా ప్రాణం పోయిందనుకోండి. ఇదిగో, ఇక్కడ అదిమి పట్టుకునే వచ్చేను."

ఆయన చెయ్యి పొట్ట కింద కుడివైపుకి వెళ్లింది. మేడమ్ అక్కడే నెమ్మదిగా నొక్కి, చటుక్కున వదిలారు. పాపం, ఆయన మెలితిరిగిపోయారు.

"మరి మా డాక్టరమ్మకి తగ్గిందన్నారేంటండీ?"

"అంత ఇదిగా చూసేరు కదండీ. తగ్గలేదంటే చిన్నబుచ్చుకుంటారేమోనని..."

ఆ మధ్యాహ్నమే ఆపరేషన్ జరిగింది. అపెండిక్స్ చీము పట్టి, పగలడానికి సిద్ధంగా ఉంది. అది ఇంటి దగ్గర పగిలి ఉంటే ఏమయ్యేదో! మేడమ్ తిట్టలేదు. తిట్టి ఉంటేనే బాగుండేది. చేతులు కడుక్కుంటూ, "ఇక్కడ మనిషికి మర్యాద ముందు, నొప్పి తర్వాతేనమ్మా. ఆయ్ అంటే సరిపోయే ప్రశ్న అడక్కు" అన్నారు. ఆ రోజు నుంచీ ఆవిడంటే నాకు ప్రాణం.

రిటైరయ్యాక మేడమ్ రాజోలు వెళ్లిపోయారు. పోయిన ఏడాది ఆవిడకి కడుపులో నొప్పిగా ఉందని పక్కింటివాళ్లు ఫోన్ చేస్తే పరిగెత్తాను. ఆవిడే తలుపు తీసి, "తగ్గిపోయిందే! అనవసరంగా వచ్చేవు" అని నవ్వారు.

"మంచం దగ్గర్నుంచి తలుపు దాకా ఎలా వచ్చారు మేడమ్?" అన్నాను.

"గోడ పట్టుకుని" అన్నారు చివరికి.

పిత్తాశయం నిండా రాళ్లు, బాగా వాచిపోయి ఉంది. ఆపరేషన్ నేనే చేశాను. అంత భయపడుతూ నేనెప్పుడూ కత్తి పట్టలేదు. మత్తు వదిలి ఆవిడ కదలగానే ఆత్రం ఆపుకోలేక, "నొప్పి తగ్గిందా మేడమ్?" అనేశాను.

"ఆయ్" అన్నారు నీరసంగా. తర్వాత ఒక కన్ను సగం తెరిచారు.

"అలా అడగొద్దన్నానా, లేదా?"