చావుల లెక్కకు పోతే

చచ్చినవాళ్ళ లెక్క అడగడానికి పోయి, బతికున్న ముసలమ్మల పింఛను ఆపేసి వచ్చేదాన్ని. కొద్దిలో తప్పింది. నవ్వండి, నవ్వండి! ఈ టీ ఒక గుక్క తాగనిస్తే చెబుతాను.

తప్పంతా మా ఎడిటర్‌దే అని మొదలుపెడదామనుకున్నా. కానీ నాదే. పత్రికకు ఒక వ్యాసం రాస్తున్నా. మద్యం మీద రాష్ట్రానికి ఎంత ట్యాక్సు వచ్చిందో నెల తిరక్కముందే చెప్పేస్తారు. అదే మద్యం తాగి ఎంతమంది మొగుళ్ళు పోయారయ్యా అని అడగండి, లెక్కలు ఇంకా అందలేదంటారు. "సీసా అమ్మగానే లెక్కలోకి వస్తుంది, తాగినవాడు లెక్కలోకి రావడానికి మాత్రం ఏళ్ళు పడుతుంది" అని రాసి, నన్ను నేనే మెచ్చుకున్నా. ఎడిటర్ ఫోన్ చేశాడు.

"వాక్యం బాగుంది మేడమ్. మరి ఒక్క ఊళ్ళోనైనా మీరు స్వయంగా అడిగారా?"

ఒళ్ళు మండింది. మర్నాడు పొద్దున్నే మార్కాపురంలో మొదటి బస్సెక్కి, పుల్లలచెరువులో దిగి, ఆటో పట్టుకుని అడవి అంచున ఉన్న ఒక ఊరికి పోయాను. ఆ రోజు ఒకటో తారీకు. అది పింఛన్లు పంచే రోజని రాష్ట్రమంతటికీ తెలుసు. రాష్ట్రం లెక్కల మీద వ్యాసం రాసే నాకే గుర్తు లేదు!

ఇస్త్రీ చేసిన నేత చీర, కళ్ళజోడు, చంకలో ఫైలు. మొదటి ఇంటి ముందు రమణమ్మ అనే ఆమె గొర్రెల దొడ్డి ఊడుస్తోంది. నమస్కారం పెట్టి, బుద్ధున్నవాళ్ళెవరూ పొద్దున్నే ఒకరి వాకిట్లో నిలబడి అడగని ప్రశ్న అడిగాను.

"అమ్మా, ఈ ఏడాదిలో మీ ఇంట్లో ఎవరన్నా చనిపోయారా?"

చీపురు పైకి లేచింది. ఫైలు చూసి మధ్యలోనే ఆగింది. ఆమె మొహం తెల్లబోయింది.

"అయ్యో, లేదు మేడం! మా అత్త ఉండాది. గట్టిగా ఉండాది!" అని లోపలికి పరుగెత్తింది. "అత్తా, లెయ్! నువ్వు చచ్చిపోయినావని ఎవరో రాసి పంపినారంట!"

"ఎవడే ఆ రాసినోడు?" అంటూ అత్త నాగమ్మవ్వ బయటికొచ్చింది. నా ఎదుటే వాకిలి ఆ కొస నుంచి ఈ కొసకు నడిచింది. అంతటితో వదిలిందా? నిండు బిందె ఎత్తి చంకన పెట్టుకుంది. "చచ్చినోళ్ళు మోస్తారా దీన్ని?"

"అవ్వా, నేను పింఛను కోసం రాలేదు."

"మొదట అట్లనే అంటారు లే" అంది రమణమ్మ.

ఇంక చూడండి! ఎవరో ఆఫీసరమ్మ వచ్చింది, కంటికి కనపడనోళ్ళను చచ్చినట్టు రాసుకుంటదంట అని ఊరంతా పాకింది. ముసలమ్మలు ఒక్కొక్కరే దిగారు. ఒకామె కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కించి చూపించింది. ఇంకొకామె కోడల్ని తెచ్చుకుని, ఆమెను నా ఎదుటే ఏకబిగిన తిట్టింది, ఊపిరి బాగానే ఆడుతోందని రుజువుగా. నడవలేని ఒకామెనైతే నులకమంచంతో సహా నలుగురు మోసుకొచ్చారు. ఎవరూ పొరబడకుండా పైనుంచి ఆమె చెయ్యి ఊపుతోంది!

"నేను గవర్నమెంటు ఆదాయం గురించి రాస్తానమ్మా. మీరు కొనే సబ్బు మీద కూడా ట్యాక్సు..." అని సర్దిచెప్పబోయాను. ట్యాక్సు మాట వినగానే వెనకున్న ఇద్దరు టీవీ మీద దుప్పటి కప్పడానికి ఇంటికి పరుగెత్తారు.

"పేరు రాసుకో, పోతాం" అని అందరూ పట్టుబట్టారు. ఎండలో వాళ్ళ అవస్థ చూడలేక రాసుకున్నాను. అదీ నేను చేసిన అసలు ఘనకార్యం. ఫైల్లో మరణాల పేజీ ఖాళీ, బతికున్నవాళ్ళతో మాత్రం నిండిపోయింది.

అప్పుడొచ్చాడు స్కూటీ మీద గ్రామ సచివాలయం ఉద్యోగి సుబ్బరాయుడు, వేలిముద్రల మిషను పట్టుకుని. "రాండి అవ్వా, వేలు పెట్టి డబ్బులు తీసుకోండి."

నాగమ్మవ్వ కదల్లేదు. "ఇప్పుడే బతికినాం. ఈమె రాసుకునింది. ఎన్నితూర్లు బతకాల నాయనా?"

"వేలు పెట్టకుంటే పింఛను రాదవ్వా!"

"రెండు తూర్లు లెక్కకొస్తే రెండోది దొంగదని కొట్టేస్తారు. మాకు తెలీదా?"

ఎవరూ చెయ్యి చాపలేదు. సుబ్బరాయుడు నా వైపు తిరిగాడు. "మేడం, మీరే డిపార్టుమెంటు?"

ఆడదానికి తనకంటూ ఒక ఉనికి ఉండాలని ఏళ్ళ తరబడి రాస్తున్న మనిషిని. ఆ వీధి నడిమధ్యన చేతులు జోడించి అరిచాను. "అవ్వా, నేను ఎవర్నీ కాదు! నాకే డిపార్టుమెంటూ లేదు! నా మాట ఎవరూ వినరు!"

"మరి ఫైలేంది?" అంది నాగమ్మవ్వ.

"ఊరికే రాస్తుంటా."

"రాస్తే జీతమిస్తారా?"

"ఇవ్వరు."

"మరి ఆటో ఖర్చులు?"

"నావే."

అప్పుడు నమ్మింది. ఆమె మొహంలో భయం పోయి జాలి వచ్చింది. పోయి మిషను మీద వేలు పెట్టింది. ఆమె వెనకే మిగతావాళ్ళు. మంచం మీది అవ్వ దగ్గరికి సుబ్బరాయుడే పోయాడు. హమ్మయ్య అనుకుని నేను మెల్లగా జారుకోబోతే, నాగమ్మవ్వ నోట్లు కొంగున ముడేసుకుని వచ్చి, నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నాయనా సుబ్బరాయుడూ, ఈయమ్మకు గూడ ఒక పింఛను రాయి. పాపం, జీతం లేకుండా ఎండనబడి తిరుగుతాండాది."

ఆయన నవ్వు ఆపుకుంటూ ఫోన్ తీశాడు. "వయసెంత మేడం? అరవై నిండితేనే పింఛను."

సిగ్గు విడిచి, ఓ నాలుగేళ్ళు కలిపి చెప్పాను.